లూటెఫిస్క్ విందు టికెట్: చేపకి రెండున్నర, లెఫ్సాకి ఐదు

అక్టోబరు చివరికొచ్చేసరికి మిన్నెసోటా, విస్కాన్సిన్, అయోవా, రెండు డకోటాలు, అటు సియాటిల్ చుట్టుపక్కలా లూథరన్ చర్చిల ముందూ సన్స్ ఆఫ్ నార్వే అనే సంఘానికి ఊరి శాఖలైన లాడ్జీల ముందూ ఒకే తరహా బోర్డు వెలుస్తుంది: లూటెఫిస్క్, మీట్‌బాల్స్, లెఫ్సా, టికెట్లు ముందుగా తీసుకోవాలి. లూటెఫిస్క్ అంటే నార్వేవాళ్లు నానబెట్టి వండే ఎండుచేప, లెఫ్సా అంటే బంగాళాదుంప రొట్టె. ఆ ఊళ్లలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకి ఆఫీసులో ఎవరో ఒకరు ఈ టికెట్ అంటగట్టడం మామూలే. వెళ్లాలా వద్దా, వెళితే ఏ బంతిలో కూర్చోవాలి, ఏది తినాలి, ఏది వదిలేయాలి, కట్టిన డబ్బు చివరికి ఎక్కడ తేలుతుంది అన్నవే ఇక్కడ చూసేది. ఒక ఫలానా హాలుని పట్టుకుని రాస్తున్నది కాదు. ఊరు మారినా విందు అచ్చు మాత్రం ఒకటే కాబట్టి ఆ అచ్చుకే ఈ మార్కులు.

చేప: 5కి 2.5. లెఫ్సా: 5కి 5. వడ్డన: 4. శాకాహారులకి: 3. డబ్బు లెక్క చెప్పే తీరు: హాలుని బట్టి 1 నుంచి 5 దాకా ఎక్కడైనా.

నడిపేవాళ్ల గురించి కొంచెం. 1825 జులై 4న నార్వేలోని స్టావాంగర్ రేవు నుంచి రెస్టారేషన్ అనే చిన్న ఓడ 52 మందితో బయల్దేరి, దారిలో పుట్టిన ఒక పసిపాపతో కలిపి 53 మందిని అక్టోబరు 9న న్యూయార్క్‌లో దించింది. ఆ తర్వాత నూరేళ్లలో ఎనిమిది లక్షల మందికి పైగా నార్వే వదిలి అమెరికా చేరారు. 1895 జనవరిలో మినియాపోలిస్‌లో 18 మంది వలసదారులు కలిసి సన్స్ ఆఫ్ నార్వే పెట్టింది పాటలు పాడుకోవడానికి కాదు. జబ్బు చేసినా మనిషి పోయినా కుటుంబానికి నాలుగు డబ్బులు అందాలని పెట్టుకున్న పరస్పర సహాయ సంఘం అది. ఇప్పటికీ దానికి బీమా వ్యాపారం ఉంది. భాష, వంట, కళలు నిలబెట్టే పని మాత్రం ఊరూరా లాడ్జీలది. సభ్యత్వానికి నార్వే రక్తం అక్కర్లేదు, ఆసక్తి ఉంటే చాలు.

నార్వేజియన్ భాషలో 'దుగ్నాద్' అని ఒక మాట ఉంది. జీతం లేకుండా ఊరంతా కలిసి ఒక పని పట్టి ముగించడం. 2004లో నార్వే జనం దీన్నే తమ జాతీయ పదంగా ఎంచుకున్నారు. బడి బ్యాండుకి బాకాలు కొనాలన్నా, పాత పడవల షెడ్డుకి పైకప్పు వేయాలన్నా అక్కడ పాతసామాన్ల సంత, వేలం, వాఫుల్స్ అమ్మకం, కేకుల లాటరీ పెడతారు. అమెరికాకొచ్చినవాళ్లు ఆ అలవాటునే చేపల విందు చుట్టూ తిప్పుకున్నారు. అందుకే ఈ టికెట్‌ని రెస్టారెంటు బిల్లులా చూస్తే నిరాశే. ఆ రోజు అక్కడ ఒక్కరికీ జీతం లేదు. మీ పళ్లెంలో బంగాళాదుంప పెట్టే పెద్దాయన రిటైరైన ఇంజనీరు కావచ్చు, పాస్టరు కావచ్చు.

ఇక చేప. లూటెఫిస్క్ అంటే క్షారపు నీళ్లలో నానిన ఎండుచేప. మొదలు ఉత్తర నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో. ఫిబ్రవరి నుంచి మే దాకా కాడ్ చేపని ఉప్పు లేకుండా కర్ర దడుల మీద వేలాడదీస్తారు. చలి సున్నా చుట్టూ తచ్చాడుతూ ఉండాలి: మరీ గడ్డకడితే కండ పగిలిపోతుంది, వెచ్చబడితే ఈగ వాలుతుంది. ఆరేసరికి బరువులో ఎక్కువ భాగం నీరై పోయి కట్టెలా తయారవుతుంది. మన కోస్తాలో ఎండబెట్టే ఉప్పుచేపతో దీన్ని పోల్చకండి. ఇందులో ఉప్పుండదు, వాసన కూడా వేరు.

ఆ కట్టెని మళ్లీ మెత్తబరచడమే లూటెఫిస్క్. చన్నీళ్లలో ఐదారు రోజులు, రోజూ నీళ్లు మారుస్తూ. తర్వాత కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో రెండు రోజులు. పూర్వం బర్చ్ చెట్టు బూడిద నీళ్లే వాడేవారు. క్షారం తగిలాక చేపలోని మాంసకృత్తులు విడివడి, నీరు పీల్చుకుని కండ ఉబ్బిపోతుంది. ఆ దశలో తింటే నోరు కాలుతుంది. కాబట్టి మళ్లీ నాలుగు నుంచి ఆరు రోజులు చన్నీళ్లలో, రోజూ నీళ్లు మారుస్తూ. క్షారంలో ఎక్కువసేపు వదిలేస్తే చేపలోని కొవ్వు సబ్బుగా మారడం మొదలవుతుంది. సబ్బు అన్నది పోలిక కాదు, జరిగే రసాయన చర్యే అది. కొవ్వు తక్కువున్న కాడ్‌నే ఎంచుకోవడానికి అదొక కారణం. ఇంత పని లాడ్జీ వంటింట్లో ఎవరూ చేయరు. నానబెట్టి సిద్ధం చేసిన చేపనే కొంటారు. మధ్య పశ్చిమంలో చాలా వంటిళ్లకి ఇది మినియాపోలిస్‌లోని ఓల్సెన్ ఫిష్ కంపెనీ నుంచి వస్తుంది. 1910 నుంచి వాళ్లకి ఇదే వ్యాపారం.

కాబట్టి మీ పళ్లెంలో చేప బాగుందా లేదా అన్నది ఆ హాల్లోని చివరి గంట పనిమీదే ఉంటుంది. అక్కడ సరిగ్గా ఏం జరగాలో చెబితే, ఏం తప్పిందో మీరే పట్టుకోవచ్చు. చేప ముక్కల మీద ఉప్పు చల్లి అరగంట ఉంచితే కొంత నీరు వదులుతుంది. ఆ నీరు పారబోసి, ముక్కలు కడిగి, స్టీలు లేదా గాజు పళ్లెంలో పరిచి మూతపెట్టి 375 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 190 సెల్సియస్ దగ్గర 25 నుంచి 30 నిమిషాలు ఓవెన్‌లో పెట్టాలి. ఓవెన్లు చాలని చోట పలుచటి గుడ్డ సంచుల్లో మూటగట్టి, ఉప్పు వేసిన మరిగే నీళ్లలో ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి తీస్తారు. అల్యూమినియం ట్రే వాడకూడదు, క్షారం దాన్ని తినేస్తుంది. మూతకి ఫాయిల్ వాడినా అది చేపకి తగలకూడదు. వెండి చెంచా పెడితే నల్లబడుతుంది. పాత ఇళ్లలో లూటెఫిస్క్ రోజున వెండి సామాను బీరువాలోనే ఉండేది.

బాగా కుదిరిన ముక్క ఎలా ఉంటుందంటే, లేత తాటి ముంజెలా పారదర్శకంగా, పళ్లెం కదిపితే వణుకుతూ, ఫోర్కు పెడితే రేకులు రేకులుగా విడిపోయి కూడా నిలబడి ఉంటుంది. రుచి దాదాపు శూన్యం. వాసనే ముందొస్తుంది. మీద పోసే కరిగిన వెన్నదే రుచంతా. స్వీడన్ మూలం ఉన్న చోట్ల తెల్ల సాస్ పోస్తారు, నార్వే పద్ధతి వెన్నే. నార్వేలోనైతే వేయించిన బేకన్, దాని కొవ్వు, ముద్దగా ఉడికిన బఠాణీ పక్కనుంటాయి. అమెరికా చర్చిల్లో బేకన్ అరుదు. నార్వేలో పక్కన ఆక్వావిట్ అనే సారాయి గ్లాసు ఉంటే, ఇక్కడి చర్చి హాల్లో పల్చటి కాఫీ ఉంటుంది. ఈ ఒక్క మార్పుకే చేపకి అర మార్కు తగ్గించాం.

తప్పులు మూడు రకాలు. జావలా కారిపోతుంటే ఓవెన్‌లో ఎక్కువసేపు ఉంది, లేదా వండాక వేడి పెట్టెలో నిలవ ఉంది. నాలుకకి సబ్బు తగిలితే కడగడంలో లోపం. అది వంటింటి తప్పు కాదు, కొన్న సరుకుది. రబ్బరులా సాగితే మధ్యలో ఇంకా గడ్డకట్టి ఉండగా ఓవెన్‌లోకి వెళ్లిందన్నమాట. మొదటి రకమే ఎక్కువ. ఎందుకంటే వండిన చేప పదిహేను నిమిషాలు దాటితే నిలవదు, జనం మాత్రం గంటల తరబడి వస్తూనే ఉంటారు. తెలివైన వంటిల్లు ఒకేసారి రెండు వందల మందికి వండదు. ఒక బంతి కూర్చోగానే తర్వాతి బంతికి ట్రేలు లోపల పెడుతుంది.

అందుకే మా సలహా రెండో బంతి. మొదటి బంతికి ఓవెన్లు ఇంకా కుదురుకోవు, వెన్న వేడెక్కి ఉండదు, వడ్డించేవాళ్లు ఒకరికొకరు అడ్డం పడుతుంటారు. చివరి బంతికి మిగిలిన ట్రేలు అంటగడతారు. టికెట్ మీద వేళ లేకుండా ఉత్త నంబరే ఉంటే, చెప్పిన సమయానికి అరగంట ముందు వెళ్లి నంబరు వేయించుకోండి. పిలిచేదాకా చర్చి బల్లల మీద కూర్చోబెడతారు. ఒకరు పియానో వాయిస్తుంటే పాత భజన కీర్తనలు నడుస్తుంటాయి. కోటు కారులోనే వదిలేయండి. ఉన్ని బట్ట ఈ వాసన పట్టిందంటే వారం వదలదు.

వడ్డన మన పెళ్లి బంతికి దగ్గరగా ఉంటుంది. ఎనిమిది మందికో బల్ల, గిన్నెలు చేతులు మారుతూ ఒకే దిశలో తిరుగుతాయి. చాలాచోట్ల మళ్లీ మళ్లీ పెడతారు. చేప గిన్నె మీ దాకా వచ్చేసరికి అడుగున నీళ్లు కనిపిస్తే తీసుకోకండి. చెయ్యెత్తి కొత్త గిన్నె అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. వెన్న గిన్నె మాత్రం చేప కంటే ముందు మీ చేతికి రావాలి. చేప చల్లబడితే వెన్న పేరుకుంటుంది, ఆ తర్వాత ఆ ముక్కని ఎవరూ కాపాడలేరు.

చేప తినని వాళ్లకి మీట్‌బాల్స్ ఉంటాయి. ఇక్కడే మనవాళ్లు జాగ్రత్త పడాలి. వాటిలో గొడ్డుమాంసం, పందిమాంసం కలిసి ఉండడం మామూలు. గ్రేవీ కూడా ఆ మాంసం రసమే, బంగాళాదుంప మీద ముందే పోసేస్తారు. శాకాహారులకి మిగిలేవి ఉడికించిన బంగాళాదుంప, పచ్చి బఠాణీ, రుటబాగా దుంప ముద్ద, క్యాబేజీ సలాడ్, లెఫ్సా, బియ్యంతో చేసిన తీపి, కొన్నిచోట్ల రొమ్మెగ్రోట్. ఈ రొమ్మెగ్రోట్ పుల్లటి మీగడని మైదాతో, పాలతో ఉడికించి, పైకి తేలిన వెన్ననే మీద పోసి, చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లే జావ. చిన్న గిన్నె చాలు, రెండో గిన్నె అడిగితే ఆ రాత్రి మీది కాదు. బఠాణీలో బేకన్, లెఫ్సాలో పందికొవ్వు పడే ఇళ్లూ ఉన్నాయి. టేబులు దగ్గర వడ్డించేవాళ్లని అడిగితే 'ఉండకపోవచ్చు' అంటారు. వంటింటి కిటికీ దగ్గరకెళ్లి అడిగితేనే సరైన జవాబు దొరుకుతుంది. పిల్లలకి సగం ధర లేదా ఉచితం.

ఇప్పుడు లెఫ్సా. ఐదుకి ఐదు మార్కులు ఊరికే వేయలేదు.

చూడ్డానికి ఇది పెద్ద పల్చటి చపాతీ. మైదా కంటే బంగాళాదుంప ఎక్కువ. విందుకి రెండు మూడు వారాల ముందు లాడ్జీ హాల్లో లెఫ్సా రోజులు పెడతారు. చాలాచోట్ల కొద్ది రుసుముతో బయటివాళ్లని కూడా నేర్చుకోవడానికి రానిస్తారు. విందు టికెట్ కంటే ఆ పూట ఎన్నో రెట్లు విలువైనది. చపాతీ ఒత్తడం వచ్చిన చెయ్యి అరగంటలో దీన్ని పట్టేస్తుంది. నార్వే మూలాలున్న కుర్రాళ్లు రెండు సీజన్లు తంటాలు పడే పని ఇది.

కొలతలు: గొట్టంలో ఒత్తిన బంగాళాదుంప 4 కప్పులు, వెన్న పావు కప్పు, చిక్కటి క్రీము పావు కప్పు, ఉప్పు ఒక చెంచా, చక్కెర ఒక పెద్ద చెంచా, మైదా కప్పున్నర. దీనికి పన్నెండు నుంచి పదహారు లెఫ్సాలు వస్తాయి. దుంప రస్సెట్ రకమే కావాలి. ఎర్రతోలు దుంపలో పిండి పదార్థం తక్కువ, జిగురు ఎక్కువ. ముద్ద బంకలా సాగుతుంది. ఉడికిన దుంపని వేడి మీదే ఒత్తాలి. ఒత్తే సాధనం మన జంతికల గొట్టానికి అన్నగారు. చెంచాతో మెదిపితే ఉండలు మిగులుతాయి, తర్వాత ఒత్తేటప్పుడు ఆ ఉండ దగ్గరే లెఫ్సా చిరుగుతుంది. వేడి దుంపలోనే వెన్న, క్రీము, ఉప్పు, చక్కెర కలిపి, ఆవిరి పోయేదాకా మూత వేయకుండా ఆరనిచ్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. మూత పెడితే ఆవిరి నీరై దుంపలోకే దిగుతుంది.

మైదా మాత్రం మర్నాడు, ఒత్తే ముందే కలపాలి. కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. మైదా ముందే కలిపి పెడితే ముద్ద చెమర్చి జిగురెక్కుతుంది, జిగురు పోవడానికి ఇంకాస్త మైదా వేస్తారు, అలా వేస్తూ పోతే చివరికొచ్చేది లెఫ్సా కాదు, అట్ట ముక్క. మొత్తం ముద్దకి ఒకేసారి కలపకుండా పది పన్నెండు ఉండలకి సరిపడా కలుపుకుని, మిగతాది ఫ్రిజ్‌లోనే ఉంచడం పద్ధతి.

పనిముట్లు కూడా చూడదగ్గవే. గుడ్డ తొడిగిన గుండ్రటి పీట, దాని మీద కొలత వలయాలు. అప్పడాల కర్రకి పొడవునా గాడులు, పైన సాక్సులాంటి తొడుగు; తొడుగు పొడిపిండిని పట్టుకుంటుంది, గాడులు ముద్దని అతుక్కోనివ్వవు. పద్నాలుగు అంగుళాల వెడల్పు, కింద పీట మీది గీతలు కనిపించేంత పల్చన వచ్చాక, సన్నటి చదును కర్ర ఒకటి మధ్యలోంచి కిందికి దూర్చి ఎత్తుతారు. మన చేతిమీద వేసుకునే పద్ధతి ఇక్కడ పనికిరాదు, ముద్దకి చపాతీకున్న సాగుడు లేదు, బరువుకే తెగిపోతుంది. కర్రమీద వేలాడుతున్న లెఫ్సాని పెనం ఒక అంచున ఆనించి, కర్ర దొర్లిస్తూ పరవాలి. పెనం 500 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, నూనె చుక్క లేకుండా. ఒక్కో వైపు నిమిషం లోపే, గోధుమరంగు మచ్చలు లేవగానే తిప్పాలి. తీసినవి తువ్వాళ్ల మధ్య దొంతర పెట్టాలి. విడివిడిగా ఆరబెడితే కరకరలాడి మడత పెట్టగానే విరుగుతాయి. మరీ వేడిగా ప్లాస్టిక్ సంచిలో కడితే మర్నాటికి బూజు.

ఈ పెనాల్లో బాగా వాడుకలో ఉన్నవి అయోవాలోని క్రెస్కో ఊళ్లో బెథనీ హౌస్‌వేర్స్ చేసేవి, పదహారు అంగుళాల వెడల్పు. ఒక్కోటి సుమారు 1,400 వాట్లు లాగుతుంది. ఆ సంఖ్య హాలు నడిపేవాళ్లకి ముఖ్యం. అమెరికాలో 120 వోల్టులు, 15 ఆంపియర్ల సర్క్యూట్‌కి ఒక్క పెనమే సరి. రెండోది తగిలిస్తే ఫ్యూజు పడిపోతుంది. ఆరు పెనాలు పెట్టాలంటే ఆరు వేర్వేరు సర్క్యూట్లు కావాలి. గోడకి ఎన్ని ప్లగ్గులున్నాయన్నది కాదు లెక్క, పక్కపక్క ప్లగ్గులు తరచూ ఒకే తీగమీద ఉంటాయి. కాఫీ కాచే పెద్ద పాత్ర కూడా అదే తీగమీద ఉందని సరిగ్గా పని వేడెక్కాకే బయటపడుతుంది. పెనానికి ఇద్దరు ఒత్తేవాళ్లుంటే, ఎత్తడం దించడం కలుపుకుని గంటకి ఇరవై నుంచి పాతిక లెఫ్సాలు. మూడొందల మంది విందుకి తలా రెండు వేసుకున్నా ఆరు వందలు కావాలి. అంటే ఆరు పెనాలతో నాలుగైదు గంటల పని. అమ్మకానికి పెట్టే ప్యాకెట్లు దీనికి అదనం.

మిగతా మిఠాయిల్లో మనవాళ్లని నవ్వించేది రోసెట్. అది అక్షరాలా మన గులాబీ పువ్వులే: అదే ఇనుప అచ్చు, అదే కర్ర పిడి. మన ఇంట్లో బియ్యప్పిండి, అక్కడ మైదా, గుడ్డు. అచ్చుని నూనెలో బాగా కాల్చి పిండిలో అంచుదాకే ముంచాలి, పైకి ఎక్కితే ఊడిరాదు. ఈ కిటుకు సంక్రాంతికి వండేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. క్రుమ్‌కాకె అనే చుట్టిన బిస్కట్టు కూడా మంచిదే, కాని డబ్బాలో కారు దాకా చేరేసరికి సగం పొడి అవుతుంది.

విందుతో పాటు జరిగే మిగతావి: చెక్క మీద పూలతీగల చిత్రలేఖనం రోజ్‌మాలింగ్, హార్డాంగర్ కుట్టుపని, వస్తువుల వేలం, బుట్టల రాఫుల్, అంటే లాటరీ. రోజ్‌మాలింగ్ ఒక్క పూటలో రాదు. మొదటి క్లాసులో సి, ఎస్ ఆకారాల గీతలే గంటలకొద్దీ వేయిస్తారు, చెక్కపళ్లెం పూర్తిచేసి ఇంటికి తీసుకెళ్లొచ్చన్న ఆశతో వెళితే కోపమొస్తుంది. హార్డాంగర్ కుట్టులో నాలుగు దారాల మీద ఐదు కుట్లు ఒక గడి. గళ్లన్నీ ఎదురెదురుగా కుదిరాకే మధ్య దారాలు కత్తిరించాలి. లెక్క తప్పి కత్తెర పడితే దిద్దుబాటు లేదు. అంగుళానికి 22 దారాల గుడ్డ కాబట్టి నలభై దాటినవాళ్లు కళ్లజోడు మర్చిపోకూడదు.

డబ్బు సంగతికొస్తే, టికెట్ చాలాచోట్ల 25 నుంచి 40 డాలర్ల మధ్య. చేప మీద మిగిలేది మీరనుకున్నంత ఉండదు. ఊరికే లెక్క కోసం: మూడొందల మంది, టికెట్ 30 డాలర్లు, రాబడి 9,000. తలకో పౌండు చేప, పౌండు 10 డాలర్లనుకుంటే 3,000. మిగతా వంట సామాను 1,500, హాలు, కాగితం పళ్లేలు, ప్రచారం 800. మిగులు 3,700. చేప పౌండుకి మూడు డాలర్లు పెరిగితే అందులోంచి 900 ఎగిరిపోతాయి. ధర పెరగడానికి గట్టి కారణమే ఉంది. బారెంట్స్ సముద్రంలో కాడ్ వేట కోటా 2025కి 3,40,000 టన్నులకి తగ్గింది, 1991 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ లేదు. ఒకప్పుడు పేదవాడి ఎండుచేపగా ఓడెక్కిన సరుకు ఇప్పుడు మెనూలో అన్నిటికంటే ఖరీదైనది. అదే లెఫ్సా ప్యాకెట్ చూడండి: దుంప, మైదా, వెన్న, క్రీము, వాటిలో ఖరీదైనది వెన్నే. కూలి లేదు. వేలం వస్తువులకి ఖర్చే లేదు. చేప జనాన్ని పిలుస్తుంది, డబ్బు మాత్రం పక్క బల్ల తెస్తుంది. అందుకే చేప తినలేకపోయినా సాయం చేయాలనుకుంటే నేరుగా లెఫ్సా, బిస్కట్ల బల్ల దగ్గరకెళ్లండి.

పన్ను మినహాయింపు అడిగేవాళ్లుంటారు. టికెట్ మొత్తానికి రాదు. మీరు తిన్న భోజనం విలువ తీసేయగా మిగిలిందే విరాళం. 100 డాలర్ల టికెట్, భోజనం విలువ 35 అయితే 65కే. 75 డాలర్లు దాటిన టికెట్‌కి ఆ భోజనం విలువ ఎంతో నిర్వాహకులు రాతపూర్వకంగా చెప్పాలి. రాఫుల్ టికెట్‌కి మినహాయింపు అసలు లేదు. లాడ్జీలు అమెరికా పన్ను చట్టంలో 501(సి)(8) తరగతి సోదర సంఘాలు. వాటికిచ్చే డబ్బు ధార్మిక పనికే వెళ్లినప్పుడు మాత్రమే మినహాయింపు. కంపెనీ మ్యాచింగ్ (మీ విరాళానికి కంపెనీ కూడా జత కలపడం) కావాలంటే 501(సి)(3), అంటే ధార్మిక తరగతి సంస్థ పేరు అడగండి: సన్స్ ఆఫ్ నార్వేకి వేరే ఫౌండేషన్ ఉంది, మ్యూజియాలకి నేరుగా ఇవ్వొచ్చు. ఐటీ కంపెనీ మ్యాచింగ్ పోర్టల్‌లో లాడ్జీ పేరు వెతికి దొరక్కపోతే కారణం ఇదే.

ఎక్కడికి వెళుతుందన్నది అసలు ప్రశ్న. మంచి హాల్లో తలుపు దగ్గరే ఒక కాగితం అంటించి ఉంటుంది: పోయినేడు ఇంత వచ్చింది, ఇంత దీనికి, ఇంత దానికి. మిన్నెసోటాలో బెమిడ్జీ దగ్గర స్కోగ్‌ఫ్యోర్డెన్ నార్వేజియన్ భాషా శిబిరానికి ఇద్దరు పిల్లల్ని పంపాం, అయోవాలో డెకోరాలోని వెస్టర్‌హైమ్ మ్యూజియానికి ఇంత ఇచ్చాం, అని. 1877లో లూథర్ కళాశాలలో మొదలైన ఆ మ్యూజియంలో వలసవాళ్లు తెచ్చుకున్న పెట్టెలు, మగ్గాలు, పళ్లేల దగ్గర్నుంచి వేలాది వస్తువులున్నాయి. వాళ్ల జానపద కళల బడిలోనే రోజ్‌మాలింగ్ నిజంగా నేర్పుతారు. 'నార్వే సంస్కృతి కోసం' అన్న మాట తప్ప కాగితం లేని హాలుకి ఒక మార్కు. అడిగితే కోశాధికారిని పిలిచి చెప్పించే హాలుకి మూడు.

ఈ పట్టుదలకి కారణం ఉంది. చెక్కతో కట్టిన వారసత్వం డబ్బు ఆగిన మరుక్షణం నుంచి చివికిపోతుంది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనకి నార్వే రెండు చెక్క వస్తువులు పంపింది. ఒకటి తవ్వకాల్లో దొరికిన వైకింగుల కాలపు గోక్‌స్టాడ్ ఓడకి నకలు, వైకింగ్ అనే పేరుతో అట్లాంటిక్ దాటి స్వయంగా వచ్చింది; ఇప్పుడు ఇల్లినాయిలోని జెనీవాలో పందిరి కింద ఉంది, స్వచ్ఛంద సేవకులే చూపిస్తారు. రెండోది ట్రోండ్‌హైమ్ దగ్గరి ఓర్క్‌డాల్‌లో చేసిన నార్వే భవనం. చాలా ఏళ్లు విస్కాన్సిన్‌లో లిటిల్ నార్వే అనే ప్రైవేటు మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం 2012లో మూతపడింది. 2015లో భవనాన్ని పలకా పలకా విప్పి మళ్లీ ఓడెక్కించి, పుట్టిన ప్రాంతమైన ఓర్క్‌డాల్‌కే పంపేశారు. అక్కడివాళ్లు దాన్ని నిలబెట్టుకున్నారు, విస్కాన్సిన్‌కి మాత్రం ఖాళీ స్థలం మిగిలింది.

పార్సిల్ సంగతి. చేప పార్సిల్ వద్దు. పెట్టెలో పది నిమిషాలకే నీరొదిలి దుంప, లెఫ్సా అన్నిటినీ తడిపేస్తుంది. మీట్‌బాల్స్ బాగానే నిలుస్తాయి. లెఫ్సా ప్యాకెట్లు మాత్రం నాలుగైదు తెచ్చుకోండి. బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో వారం, మధ్యలో కాగితం వేసి ఫ్రీజర్‌లో పెడితే నెలలు. తినేముందు తడి పేపర్ టవల్ కింద మైక్రోవేవ్‌లో పది సెకన్లు చాలు. ఇరవై పెడితే తోలు. వెన్న రాసి చక్కెర చల్లి చుట్టుకోవడం వాళ్ల పద్ధతి. పప్పుతో తినాలనుకునేవాళ్లు ప్యాకెట్ వెనక చూసి చక్కెర కలపని రకం తీసుకోండి.